ప్రకాశం అన్నయ్య మా వాడు

నిన్న పొద్దున్నే ఫోన్ మోగింది. నందిగామ నుంచి మా తమ్ముడి కూతురు స్వప్న.

"అత్తా, పెదనాన్న లేవట్లేదు. ఒళ్ళు చల్లగా ఉంది."

మొన్న సాయంత్రమే వీడియో కాల్‌లో చూసా. పెరుగన్నం తింటున్నాడు. నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. తన పలకరింపు ఎప్పుడూ అదే.

మా ప్రకాశం అన్నయ్య ఇక లేడు. ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

నిన్నటి నుంచి మెసేజ్‌లు. "పాపం, విముక్తి దొరికింది" అని. ఒకావిడైతే బాడీ పక్కనే కూర్చుని, "ఎప్పుడో ఏదైనా హోమ్‌లో పెట్టుంటే మీకింత కష్టం ఉండేది కాదు" అంది.

పెట్టాం అండి.

అందుకే ఇది రాస్తున్నా.

అరవైల్లో మాట. మేం జగ్గయ్యపేటలో ఉండేవాళ్ళం. నాన్న బడిపంతులు. అన్నయ్యకి మాటలు రాలేదు. పిలిస్తే చూడడు, ముట్టుకుంటే ఉలిక్కిపడతాడు. ఇప్పుడు ఆటిజం అంటున్నారు. అప్పుడు పేటలో వెర్రోడు అనేవాళ్ళు, మా ముందే.

చర్చి మీటింగ్‌కి వచ్చిన ఒక పెద్దమనిషి నాన్నతో చెప్పాడు. బెజవాడ దాటాక తను ఒక హోమ్ నడుపుతున్నానని, ఇలాంటి పిల్లల్ని ప్రేమగా చూసుకుని ఏదో ఒక పని నేర్పిస్తామని. నాన్న నమ్మాడు. అన్నయ్యకి అప్పుడు పదమూడేళ్ళు.

నెలకోసారి వెళ్ళొచ్చు. ముందే ఉత్తరం రాయాలి. ముందు గదిలో కూర్చోబెట్టేవాళ్ళు. తెల్ల కర్టెన్లు, బల్ల మీద పూలు. అన్నయ్యకి ఇస్త్రీ చొక్కా తొడిగి, మొహానికి పౌడర్ కొట్టి తెచ్చేవాళ్ళు.

పొడుగు చేతుల చొక్కా. ఎండాకాలంలో కూడా.

అమ్మకి అదే మింగుడు పడలేదు.

ఒక మంగళవారం ఉత్తరం గిత్తరం లేకుండా బస్సెక్కింది. నన్నూ వెంటబెట్టుకెళ్ళింది. నాలుగో తరగతి నేను.

ముందు గదిలో ఎవరూ లేరు. అమ్మ ఆగకుండా వెనక్కి నడిచింది.

రేకుల షెడ్డు.

ముందు వాసన తగిలింది. ఉచ్చ, పులిసిన గంజి, తడి గోనెసంచులు. పిల్లలు బట్టల్లేకుండా సిమెంటు నేల మీద ఉన్నారు. ఒకామె బకెట్లతో అందరి మీదా ఒకేసారి నీళ్ళు కుమ్మరిస్తోంది, గొడ్లని కడిగినట్టు. వాళ్ళు తినే సత్తు పళ్ళాలు ఆ మురికి నీళ్ళలోనే పడున్నాయి.

అన్నయ్య కిటికీ ఊచకి కట్టేసి ఉన్నాడు. చీర పీలికలతో, రెండు మణికట్లూ. కింద పుండ్లు. పుండ్ల మీద ఈగలు.

వార్డెనమ్మ పరిగెత్తుకొచ్చింది. "చెప్పకుండా రాకూడదండి. అయినా వీళ్ళకేం తెలీదమ్మా. చలి తెలీదు, సిగ్గు తెలీదు."

"ఏం తెలీని వాణ్ణి కట్టేయడం ఎందుకండి?" అంది అమ్మ.

వార్డెనమ్మ అడ్డం నిలబడింది. తండ్రి సంతకం లేనిదే పంపనంది. అమ్మ వినిపించుకోలేదు. కట్లు విప్పి, మేం తెచ్చిన అన్నం మూట తువ్వాలు తీసి అన్నయ్య నడుముకి చుట్టింది. అలాగే గేటు దాటించింది.

బస్సులో వాసనొస్తోందని కండక్టర్ దిగమన్నాడు. "టిక్కెట్టు కొన్నాం కదా బాబూ" అని అమ్మ కదల్లేదు.

ఇంటికొచ్చాక నాన్న వేణ్ణీళ్ళు కాచి స్నానం చేయించాడు. చేతులు కడుగుతూ కడుగుతూ అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆ తర్వాత జీవితాంతం అన్నయ్య ఎవర్నీ తన మణికట్టు పట్టుకోనివ్వలేదు. డాక్టర్ని కూడా.

నాన్న ఆ హోమ్ కమిటీకి ఫిర్యాదు రాసాడు. సేవ చేసే సంస్థ మీద బురద చల్లొద్దని జవాబొచ్చింది.

అసలు రోత ఇది కూడా కాదు.

ఏడాది తర్వాత అదే పెద్దమనిషి మా చర్చికి వచ్చాడు, చందాల కోసం. అందరికీ ఒక పుస్తకం పంచారు. అట్ట మీద అన్నయ్య ఫోటో. ఇస్త్రీ చొక్కా, పౌడర్. కింద "మా ప్రేమలో విరిసిన పువ్వు" అని అచ్చేసారు.

ఆ పువ్వు అప్పటికి ఏడాదిగా మా ఇంట్లో ఉంది. ఆ రోజు అమ్మ పక్కనే చాప మీద కూర్చునుంది.

ఆయన్ని చూడగానే అన్నయ్య చాప తడిపేసాడు.

ఆయన గుర్తుపట్టి, నవ్వుతూ, మైకు లేకపోయినా అందరికీ వినపడేలా అన్నాడు, "ఇదిగో, మా బిడ్డ ఇక్కడే ఉన్నాడు."

అమ్మ లేచి నిలబడింది. చర్చిలో ఎన్నడూ నోరెత్తని మనిషి.

"మీ బిడ్డ కాదండి, మా వాడు. మీరు కట్టేసిన మచ్చలున్నాయి. చొక్కా చేతులు పైకి మడవమంటారా?"

ఆయన గొంతు సవరించుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. జనం కళ్ళు మూసుకున్నారు. కొందరు చందా కూడా ఇచ్చారు.

ఆ హోమ్ ఇంకా చాలా ఏళ్ళు నడిచింది. ఆయనకి శాలువాలు కప్పారు.

అన్నయ్య మాత్రం మాతోనే ఉన్నాడు. నందిగామ మారాక ప్రతి ఆదివారం చర్చి గుమ్మం ముందు చెప్పులన్నీ జతలు జతలుగా, బయటికి తిప్పి పెట్టేవాడు. జనం వచ్చి కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోవడమే. ఏ జత ఎవరిదో తనకి తెలుసు. ముసలాళ్ళవి మెట్టుకి దగ్గరగా పెట్టేవాడు. ఎవరూ నేర్పలేదు.

ఏమీ తెలీదన్నారు కదా.

అమ్మా నాన్నా పోయాక తమ్ముడు, తమ్ముడు పోయాక స్వప్న చూసుకున్నారు. మొన్న రాత్రి ఉతికిన దుప్పటి మీద, తన మంచం మీద, నిద్రలోనే వెళ్ళిపోయాడు.

ఒక్క మాట మిగిలింది. ఆ మంగళవారం మేం అన్నయ్య ఒక్కణ్ణే తెచ్చుకున్నాం. మిగతా పిల్లలు ఆ తడి నేల మీద నుంచి మా వంకే చూస్తున్నారు. వాళ్ళని వదిలేసి వచ్చాం. వాళ్ళ పేర్లు కూడా నాకు తెలీదు.

వెళ్ళిరా అన్నయ్యా. వాళ్ళెవరైనా అక్కడ కనిపిస్తే పక్కన కూర్చో. నువ్వూ వాళ్ళూ చల్లగా, ప్రశాంతంగా ఉండండి.