ఎదురింటి అవ్వ దిష్టి

నా చిన్నప్పుడు, మా చిన్న మంగళారంలో భూముల ధరలతో పాటు దిష్టి కూడా పెరిగింది. అంతకు ముందు అది పసిపిల్లలకూ పాలిచ్చే బర్రెలకూ తగిలేది. పట్నంలో కంప్యూటర్ కంపెనీలు వెలిసి, ఆదివారం వచ్చిందంటే కార్లు గండిపేట దాటి మా పొలం గట్ల దాకా రావడం మొదలయ్యాక పెద్దవాళ్లకూ తగలసాగింది. ఊళ్లో అందరికన్నా ఎక్కువ తగిలింది మా నాయనమ్మకే. అదీ ఆమె నమ్మకం.

మాకు రోడ్డు పక్కన కొంచెం చెలక భూమి ఉండేది. ఎవరెంత అడిగినా మా బాపు అమ్మనని కూర్చున్నాడు. ఎదురింటి అవ్వ వాళ్లు మాత్రం కార్లు రాకముందే తమది చవగ్గా అమ్ముకున్నారు. ఆమే, మా నాయనమ్మా ఒకే ఏడు ఆ వాడకు కోడళ్లుగా వచ్చినవాళ్లు. మా ఇంట్లో దావత్ అంటే ఉల్లిగడ్డలు కోయడానికి అందరికన్నా ముందు వచ్చి కూర్చునేది ఆమే. ఆ రోజుల్లో దావత్‌లకు కొదవ లేదు. ప్లాటు అమ్మినవాళ్లో కొన్నవాళ్లో, ఎవరో ఒకరు యాటపోతును కోస్తూనే ఉండేవారు. బగారన్నం, కొవ్వు ముక్కలు తేలే మటన్ కూర అంటే నాయనమ్మకు ప్రాణం.

తిన్న గంటకో రెండు గంటలకో ఆమెకు నొప్పి వచ్చేది. కుడివైపు పక్కటెముకల కింద మొదలై, వీపులోకి, కుడి భుజం రెక్క దాకా పాకేది. వాంతులయ్యేవి. వాము నమిలినా, గోలీ సోడా తాగినా ఆ నొప్పి తనకిష్టమైనప్పుడే పోయేది. తర్వాత ఉప్పూ ఎండుమిరపకాయలూ తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేయించుకునేది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు లెక్క. మేమంతా దగ్గుతూ బయటికి ఉరికినా నాయనమ్మకు మాత్రం ఎప్పుడూ ఘాటు వచ్చేది కాదు.

దిష్టి ఉందని తేలాక అది ఎవరిదో కూడా తేలాలి కదా. నాయనమ్మ చాలాసేపు ఆలోచించి, ఎదురింటి అవ్వదేనని తేల్చింది. భూమి పోగొట్టుకున్న కళ్లు కాబట్టి మా చెలకను చూసి ఓర్వలేవని ఆమె వాదన. ఒకరోజు ఎదురింటి అవ్వ రావడం చూసి, నాయనమ్మ తాను పడుకుందని చెప్పమని నన్ను గడపలోకి పంపింది. నేను చెప్పాను. లోపల నాయనమ్మ బాపుతో మాట్లాడుతున్న గొంతు మా ఇద్దరికీ వినబడుతూనే ఉంది. ఎదురింటి అవ్వ కొంగులోంచి జామకాయ తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. అది తినడానికి నాకు మనసు రాలేదు. అబద్ధమెందుకు, సాయంత్రానికి తినేశాను.

పక్కింటి అక్క చేవెళ్ల దవాఖానలో నర్సు. ఒక ఆదివారం నాయనమ్మ నొప్పితో మెలికలు తిరుగుతుంటే వచ్చి, కుడి పక్కటెముకల కింద చేయి పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమంది. నొప్పికి నాయనమ్మ ఊపిరి మధ్యలోనే ఆగిపోయింది.

“ఇది గ్యాస్ కాదవ్వా. పిత్తాశయంల రాళ్లుంటే గిట్లనే నొస్తది. స్కానింగ్ తీపిద్దాం” అంది అక్క.

“స్కానింగ్ అంటరు, ఎనుకనే కత్తి పట్టుకొస్తరు. నేను రాను.”

అక్క వాదించలేదు. “సరే, దిష్టే అనుకుందాం. మరి ఎవరిదో ఖాయం చేసుకోవద్దా?” అంది. నాయనమ్మ ముఖం వెలిగింది.

అలా నా చేతికి సుద్దముక్క వచ్చింది. నాయనమ్మకు చదువు రాదు కాబట్టి తలుపు వెనక గోడ మీద రోజూ బొమ్మలు గీయాలి. ఎవరొచ్చారు, నాయనమ్మ ఏం తిన్నది, నొప్పి వచ్చిందా లేదా. మటన్‌కు బొక్క, అంటే ఎముక బొమ్మ, పూరీకి సున్నా, నొప్పికి అడ్డగీతలు. దొంగ దొరకాలంటే ఎవరినీ గడపలో ఆపొద్దని అక్క షరతు పెట్టింది. ఇంకో మాట నాకు విడిగా చెప్పింది. నాయనమ్మ కళ్లు పచ్చబడినా, చలిజ్వరం వచ్చినా బొమ్మలు ఆపి తన దగ్గరికి ఉరకాలి.

నెల తిరిగేసరికి గోడ నిండింది. ఎదురింటి అవ్వకు నేను పెద్ద కొప్పు వేసేదాన్ని. ఆ కొప్పు వచ్చి, నాయనమ్మ జొన్నరొట్టె తిన్న రోజుల్లో ఒక్క అడ్డగీత కూడా లేదు. గడప ఎవరూ తొక్కని రోజున, బంధువులు పంపిన మటన్ తిన్నాక వచ్చిన నొప్పికి మాత్రం నేను మూడు అడ్డగీతలు గీశాను. నాయనమ్మ పీట వేసుకుని కూర్చుని గోడను చాలాసేపు చూసింది. ప్రతి అడ్డగీత పక్కనా బొక్కో పూరీయో ఉంది. ఇక ఆ రెండూ తిననంది, దవాఖానకు మాత్రం రానంది. తిండి మానితే నొప్పి తగ్గుతుందేమో గానీ రాళ్లు ఎటూ పోవని అక్క ఎంత చెప్పినా వినలేదు.

కొన్నాళ్లకు ఒక పొద్దున ఆమె నాకు జడ వేస్తున్నది. తల మీద ఆమె చేతులు చలికి వణుకుతుంటే అద్దంలో చూశాను. కళ్లు పసుపు పూసినట్టున్నాయి. ఒళ్లు కాలిపోతున్నది. బాపు అవి కామెర్లేనని, పసరు పోసే ఆయనను తీసుకురావడానికి స్కూటర్ తీశాడు. నేను సగం జడతో పక్కింటికి ఉరికాను. అక్క డ్యూటీకి వెళ్లిపోయింది. వాడలో నిలబడి చూస్తే ఎదురింటి తలుపు తెరిచే ఉంది. ఆ గడప ఎక్కలేక అక్కడే నిలబడి ఏడ్చాను. ఏడుపు విని ఆమే బయటికి వచ్చింది.

ఆమె నా వెంట మా ఇంట్లోకి వచ్చింది. నాయనమ్మను చూసి, ప్లాటు చూడడానికి వాడలోకి వచ్చిన ఒక కారుకు అడ్డంగా వెళ్లి నిలబడింది. “భూమి యాడికి పోదు బిడ్డా. జర ముందుగాల చేవెళ్ల దవాఖానకు నడువు” అంది. కారు నడుపుతున్న అబ్బాయి దిగి వెనక డోరు తీశాడు. దారి పొడవునా నాయనమ్మ తల ఆమె ఒడిలోనే ఉంది.

ఒక రాయి జారి పిత్తం వచ్చే దారికి అడ్డం పడి, లోపల చీము పడుతున్నదట. పసరు కోసం కూర్చుని ఉంటే మనిషి దక్కేది కాదని అక్కడి డాక్టరు, మా వెనకాలే వచ్చిన బాపుకు చెప్పాడు. అక్కే పట్నంలోని పెద్ద దవాఖానకు పంపించింది. అక్కడ నోట్లోంచి గొట్టం వేసి ఆ రాయి తీశారు. జ్వరం తగ్గి కోలుకున్నాక, చిన్న చిన్న రంధ్రాలు చేసి పిత్తాశయాన్నే తీసేశారు. ఇంటికొచ్చాక నాయనమ్మ పొట్ట చూసుకుని, ఇంతేనా, దీనికేనా నేను భయపడ్డది అని తనను తానే తిట్టుకుంది.

దవాఖాన వాళ్లు ఆ రాళ్లను చిన్న సీసాలో వేసి ఇచ్చారు. ఎదురింటి అవ్వ చూడడానికి వచ్చినప్పుడు నాయనమ్మ ఆ సీసాను ఆమె చేతిలో పెట్టింది.

“ఇగో, ఇన్నొద్దులు నీ దిష్టి అనుకున్నది ఇదే” అంది. ఆ మాట అని కొంగుతో ముఖం కప్పుకుంది. ఎదురింటి అవ్వ సీసాను గలగలా ఆడించి, “నా దిష్టి గింత చిన్నగుంటదా?” అని నవ్వింది. తర్వాత ఇద్దరూ ఏడ్చారు.

ఇప్పుడు నన్ను పిల్లలు పెద్దమ్మా అంటున్నారు. ఎవరు కడుపునొప్పి అన్నా ఏం తిన్నావు, ఎక్కడ నొస్తున్నది, ఎంతసేపటి నుంచి అని అడిగి, కళ్లు పెద్దవి చేసి చూపించమంటాను. వాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ఆ రోజు గడపలో చెప్పిన అబద్ధం గురించి మాత్రం ఎదురింటి అవ్వ దగ్గర నేనెప్పుడూ నోరు విప్పలేదు, ఆమె కన్నుమూసేదాకా. మా ఇంటికి ఎవరొచ్చినా ఈనాటికీ పిల్లలను పంపను. నేనే లేచి వెళ్లి తలుపు తీస్తాను.