సిలిండరు నుదుట బొట్టు

మా లాడ్జీ మూతపడబోయిందనీ, దానికి కారణం నా భక్తేననీ చెబితే మీరు నమ్మరు. మా నాయన మాత్రం వెంటనే నమ్మాడు.

తిరుపతి బస్టాండు వెనక మాకు మూడంతస్తుల లాడ్జీ ఉంది. ముప్పయ్యేళ్లు నడిపిన నాయన, తాళంచెవుల గుత్తి నా చేతికిస్తూ ఒక్క మాటే అన్నాడు. "తేడా వస్తే మళ్లీ తీసుకుంటా." ఆ గుత్తి నడుముకు దోపుకుని, జిల్లాకు కలెక్టరునైనట్టు తిరిగేవాణ్ణి.

మెట్ల దగ్గర అంతస్తుకు రెండు చొప్పున మంటలార్పే ఎర్ర సిలిండర్లు ఉండేవి. మనల్ని కాపాడేవాటికి పూజ లేకపోతే ఎలా? ప్రతి శుక్రవారం స్వయంగా పసుపు పూసి, కంకణం కట్టి, మూరెడు పూలు వేసేవాణ్ణి. బొట్టెక్కడ పెట్టాలా అనే ఆలోచనే అక్కర్లేదు. సిలిండరు మెడ దగ్గర గుండ్రంగా, అచ్చం నుదురులా ఒక అద్దపు బిళ్ల ఉంది. సరిగ్గా అక్కడే పెట్టేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి పొర మీద పొర చేరి వేలెడు మందమైంది.

బ్రహ్మోత్సవాలకు వారం ముందు అగ్నిమాపక అధికారి తనిఖీకి వచ్చాడు. ఆయన పత్రమిస్తేనే లాడ్జీ నడిచేది. లేదంటే ఊరంతా యాత్రికులతో కిటకిటలాడుతుంటే మా తలుపుకు మాత్రం తాళం.

ఆయన మొదటి సిలిండరు ముందు ఆగి, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు నావైపు చూశాడు.

"దీని ముల్లు యాడుండాదప్పా?"

"ముల్లా సార్?" అన్నాను. గడియారానికి తప్ప ఇంకోదానికి ముల్లుంటుందని నాకేం తెలుసు?

ఆయన చేతిరుమాలు తడిపి ఓపిగ్గా బొట్టు తుడిచాడు. అద్దం కింద ముల్లు ఎర్రగీత మీద పడుకుని ఉంది. అది పచ్చగీత మీదుంటేనే లోపల ఒత్తిడి ఉన్నట్టనీ, నెలనెలా చూసుకోవడం, ఏటా సర్వీసు చేయించడం యజమాని బాధ్యతేననీ నిదానంగా చెప్పాడు. నేను తగ్గితేగా? బ్రహ్మాండంగా పనిచేస్తుందంటూ పిన్ను లాగబోయాను. రాలేదు. నేను కట్టిన కంకణం దానికి చుట్టుకుని బిగుసుకుపోయింది. నేను పళ్లతో కొరుకుతుంటే, అంతసేపు మంట ఆగుతుందా అని ఆయన అడిగాడు. చివరికి మీట నొక్కితే, సిలిండరు ముసలాయన గొంతు సవరించుకున్నట్టు ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది.

"దీంట్లో గ్యాసు లేదప్పా. ఉండేదంతా నీ భక్తే," అన్నాడాయన.

మిగతా అయిదూ అంతే. ఆయన అయిదు రోజులు గడువిచ్చి వెళ్లిపోయాడు.

నాయన సంగతి విని చెయ్యి చాచాడు. గుత్తి ఇచ్చేశాను. నిజం చెప్పొద్దూ, కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడే ఆరు సిలిండర్లనూ ఆటోలో వేసుకుని, పెళ్లికూతుళ్లను తీసుకెళ్తున్నంత జాగ్రత్తగా సర్వీసు షాపుకు తీసుకెళ్లాను. అయిదో రోజు అధికారి వచ్చి, ఆరు ముళ్లూ పచ్చగీత మీద నిలబడి ఉండటం చూసి, పత్రమిచ్చాడు. దానికి అద్దం కట్టించి కౌంటరు పైన తగిలించాను. గుత్తి మళ్లీ నా నడుముకెక్కింది.

కథ ఇక్కడితో ఆగితే ఎంత బాగుండేది.

మరుసటి ఏడు ఒకరోజు నాయన కౌంటరు దగ్గర కూర్చుని ఆ పత్రాన్నే తేరిపార చూశాడు.

"ఇది ఎప్పటిదాకా చెల్లుతాదిరా?"

నేనూ చూశాను. తేదీ ఉండాల్సిన చోట వేలెడు మందాన బొట్టుంది. సిలిండర్లకు మానేశాను కానీ శుక్రవారాలు మానలేదు మరి. గోటితో గీకి చూశాను. గడువు మొన్నటితో అయిపోయింది.

నాయన మళ్లీ చెయ్యి చాచాడు.

అందుకే ఏడుకొండలవాడి సాక్షిగా ఒట్టేస్తున్నాను. ముల్లున్న వస్తువుకు గానీ, తేదీ ఉన్న కాగితానికి గానీ ఈ జన్మలో బొట్టు పెట్టను. ఇంట్లో ఆ స్వామి బొమ్మున్న క్యాలెండరుకు కూడా.