పక్క సీటులోవాడి మాట

తర్జుమా సార్ పోయారని మొన్న ఆర్మూర్ నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. గుండెపోటు. ముప్పై ఏళ్లు రియాద్‌లో ఉండి, కిందటేడే ఇక తిరిగి రాకుండా ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇంటికి వెళ్లారు.

కోర్టుల్లో మాలాంటి కూలీల తెలుగును అరబ్బీలో చెప్పడం ఆయన పని. చెప్పేముందు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకునేవారు. ఎదుటివాడి ముఖం చూస్తే మాట మారిపోతుందని ఆయన అనుమానం.

నేను ఆయనను కలిసింది ముద్దాయిగా. మా కంపెనీ పికప్‌ను నా గదివాడు ఎవరినీ అడగకుండా తీశాడు. నేను పక్కన కూర్చున్నాను. మలాజ్ బస్తీలో రోడ్డు దాటుతున్న పాకిస్తానీ దర్జీని బండి గుద్దింది. అతని కాలు విరిగింది.

కోర్టు వరండాలో సార్‌తో అన్నాను, "నాకేం తెల్వదని చెప్త సార్. బండి నేను నడపలే గదా."

"చెప్పు. అబద్ధం చెప్తే దాన్నే అరబ్బీల చెప్త. బాగ చేసుడు, ఖరాబు చేసుడు నా పని గాదు," అన్నారు. "నడుమ బండి ఎక్కడన్న ఆగిందా?" అని అడిగారు.

"పెట్రోల్ బంకుల ఆగింది."

"మరెందుకు దిగకపోతివి?"

అంతలో మమ్మల్ని లోపలికి పిలిచారు. ఆయన మళ్లీ అడగలేదు.

జడ్జి ముందు నా నోటివెంట వేరే మాట వచ్చింది. "ఆఫీసుల తాళంచెవి తీస్తుంటె చూసిన. బంకు కాడ దిగొచ్చు. దిగలే."

సార్ దాన్ని అంతే పొట్టిగా, అదే గొంతుతో చెప్పారు. నడిపినవాడికి ఏడాది పడింది, నాకు మూడు నెలలు. నిజం చెప్పినందుకు తగ్గిందా, పెరిగిందా అని తర్వాత అడిగితే, "అది తర్జుమాల దొరకది బిడ్డా," అన్నారు.

జైలుకు రెండుసార్లు వచ్చారు. నా భార్యకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పానన్నారు. అందుకు చాలాకాలం ఆయన మీద కోపం పెట్టుకున్నాను. ఇంటికి వెళ్లినప్పుడు దాచవలసింది ఏమీ మిగలలేదని ఆలస్యంగా అర్థమైంది.

విడుదలయ్యాక సార్‌ను వెంటబెట్టుకుని దర్జీ గదికి వెళ్లాను. మెట్ల మీదే ఆయన ఆగిపోయారు.

"నేనెందుకు? నీకు హిందీ వస్తది గదా."

ఒక్కణ్ణే లోపలికి వెళ్లాను. దర్జీ కుడికాలు పీట మీద చాపుకుని, ఎడమకాలితో మిషన్ తొక్కుతున్నాడు. "మాఫ్ కర్నా భాయ్" అన్నాను. అతను పక్కనున్న బట్టలు జరిపి చోటు చేశాడు. కూర్చుంటూ తలుపువైపు చూశాను. సార్ గోడ పట్టుకుని, మా మాటలు వినపడనంత దూరానికి ఒక్కో మెట్టే దిగుతున్నారు.