అన్ని దిక్కులా వినే హైడ్రోఫోన్

1982 ఏప్రిల్‌లో నన్ను చేపల పరిశోధన విభాగంలో సాంకేతిక సహాయకుడిగా బహదూర్‌పురా దగ్గరి చెరువు పనికి వేశారు. హుస్సేనీ ఆలం నుంచి సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి. ఏటా తొలి వానకు ఆ చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలేవి. మురుగు మోరీ చెరువులో కలిసే మూలకు చేరినవే చస్తున్నాయని మా పడవ నడిపే జాలరి యాదయ్య వాదన. అది రుజువు చేస్తే వానలకు ముందే ఆ మూలకు చేపలు పోకుండా జాలీ కట్టిస్తానని మా పై అధికారి ఒప్పుకున్నారు. ఆ చెరువు మీద బతికే యాదయ్య వాళ్ళకు ఏడాది తిండి ఆ జాలీ మీదే ఆధారపడి ఉంది.

మేం చేసేది ఇది. చేప కడుపులో వేలెడంత ట్రాన్స్‌మీటర్ పెట్టి కుట్టేస్తాం. అది టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. నీళ్ళలోకి దించే మైకు, అంటే హైడ్రోఫోన్, ఆ చప్పుడు పట్టుకుంటుంది. వీటిలో ఒక రకం అన్ని దిక్కులా వింటుంది. ఇంకోటి ఒక దిక్కే వింటుంది. దాన్ని గడకు కట్టి తిప్పుతూ చప్పుడు ఎటు పెరిగితే అటు చేప ఉందని తెలుసుకోవాలి. మంజూరైంది ఒక్కటే, ఎంపిక నాది. నమూనాకు తెప్పించిన రెండూ ఆఫీసు వెనక సిమెంటు తొట్టిలో దించి చూశాను. మొదటిది ఎటు పెట్టినా ఖంగుమని పలికింది. అదే కావాలని రాసి పంపాను.

తొలిరోజు పడవలో యాదయ్య అడిగాడు: "గిది ఎటు దిక్కు ఇంటది సారూ?"

అన్ని దిక్కులా అని గొప్పగా చెప్పాను.

"అన్ని దిక్కుల ఇంటే, చాప యాడున్నదో ఎట్ల ఎరుకైతది?"

నవ్వేశాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

రాతి కట్టకు తగిలి చప్పుడు తిరిగొచ్చేది. పడవ ఎక్కడ ఆపినా ఒకటే మోత. చేప ఉందని తెలిసేది, ఎక్కడుందో తెలిసేది కాదు. రెండో రకం ఇప్పించమని రాస్తే, ఈ ఏటికి ఎంపిక అయిపోయిందని ఫైలు తిరిగొచ్చింది.

వాన పడింది. ఎప్పటిలాగే చేపలు చచ్చి తేలాయి. మర్నాడు పొద్దున యాదయ్య అరచేతిలో మా ట్రాన్స్‌మీటర్ తెచ్చాడు. "మోరీ కాడ సచ్చి తేలిన చాప కడుపుల దొరికింది సారూ. ఇగ నమ్ముతరా?"

పై అధికారి నమ్మలేదు. చచ్చిన చేప గాలికి కొట్టుకొచ్చి ఉండొచ్చు, బతికుండగా అక్కడికి వెళ్ళినట్టు మీ నోటుబుక్కులో ఏది అన్నారు. నా దగ్గర ఒక్క ముక్క లేదు. జాలీ కట్టలేదు. యాదయ్య పడవ ఒడ్డున బోర్లించి, దబీర్‌పురా స్టేషన్లో మూటలు మోయడానికి పోయాడు.

ఆ సాయంత్రం ట్రాన్స్‌మీటర్‌ను బకెట్లో వేసి హైడ్రోఫోన్ దించాను. ఖంగుమని పలికింది. లోపం దానిలో లేదు. పరికరాన్ని ఎంచేముందు దానితో ఏం తెలుసుకోవాలో అడగాలి. నేను వినిపిస్తుందా అని మాత్రమే అడిగాను. ఎక్కడ అని అడిగినవాడు యాదయ్య ఒక్కడే.