కింది అర

మా బట్టల కొట్టు తెనాలిలో. నాన్న పోయి మూడేళ్ళయింది. ఆయన పోయిన కొన్నాళ్ళకే కొట్లో ఆ చప్పుడు మొదలయింది.

మధ్యాహ్నం పూట బజారు సద్దుమణిగి, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినప్పుడు వినపడేది. కొయ్య మీద కొయ్య తగిలినట్టు, రెండుసార్లు. ఎలుకలనుకున్నాను. బల్లకు పురుగు పట్టిందేమోనని వడ్రంగిని పిలిచి, అడిగిన కూలిలో సగానికి ఒప్పించి, బల్లంతా తట్టించాను.

"పురుగూ లేదు ఏమీ లేదండి. ఇంకో ముప్పై ఏళ్ళు మిమ్మల్ని మోస్తుంది" అన్నాడు. సగం కూలికి సగం బల్లే చూశాడని నాకు అనుమానం.

ఆ చప్పుడు నేనెరిగినదే. అందుకే భయం. నాన్న గుడ్డ కొలిచే గజంబద్దతో బల్ల మీద అలాగే కొట్టేవాడు. పరుపు మీద కూర్చున్న ఆడవాళ్ళను నవ్వుతూ రెండు ప్రశ్నలు అడిగేవాడు. "ఏ ఊరమ్మా?" తర్వాత, "ఊళ్ళో ఎక్కడ?" రెండోదానికి ఊరి బయటి పేట అనో, కాలనీ అనో జవాబొస్తే బద్ద రెండుసార్లు మోగేది. చీరలు తీసే మనిషి చెయ్యి కింది అరకు పోయేది. ధర అదే. సరుకు మాత్రం ఎండకు వెలిసింది, మడత దగ్గర నలిగింది.

"వాళ్ళకేం తెలుస్తుందిరా" అనేవాడు.

చదువుకున్నవాణ్ణి కనక నేను ఆ పద్ధతి మానేశాను. మానేశానని పదిమందికీ చెప్పుకున్నాను కూడా. అద్దె ఇంటికి కులమడిగేవాళ్ళను చూసి జాలిపడేంత మంచివాణ్ణయ్యాను.

చీరలు తీసే ఆమెది భట్టిప్రోలు. నాన్న హయాం నుంచీ ఉంది. ఇరవై ఏళ్ళుగా రేపల్లె రైల్లో రావడం, పోవడం. ఇల్లు పేటలో, ఆదివారం చర్చి. కూతురికి బాపట్లలో బ్యాంకు ఉద్యోగం. కిందటేడు ఆ అమ్మాయికి సంబంధం కుదిరింది. నిశ్చితార్థం చీర మా కొట్లోనే కొనాలని తల్లి పట్టు. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకు ఇన్నేళ్ళు తాను చీరలు పరిచిన పరుపు మీద తన కూతురు కూర్చోవాలి. పై అరలో ఆకుపచ్చ పట్టు ఒకటి ముందే చూసి పెట్టుకుంది.

"రేపు మా అమ్మాయి వస్తుంది బాబుగారూ. మీరు ఊరికే కూర్చోండి. దాంతో బేరాలాడొద్దు."

"బ్యాంకు పిల్ల అక్కా. నాతో ఆడకుండా ఉంటే అదే చాలు."

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చి పరుపు మీద కూర్చుంది. కాసేపటికి కరెంటు పోయింది.

"అమ్మ మీ గురించి తెగ చెప్తుంది అంకుల్."

"మంచేనా?"

"చెప్పిందంతా మంచే. చెప్పనిది నాకు తెలీదు."

ముగ్గురం నవ్వాం. అప్పుడు చప్పుడయింది. రెండుసార్లు.

పై అరకు ఎత్తిన తల్లి చెయ్యి ఆగి, కిందికి దిగింది. మొహంలో ఏ మార్పూ లేదు, నిద్రలో నడిచే మనిషిలా ఉంది. కింది అరలోంచి నాలుగు చీరలు తీసి కూతురి ముందు పరిచింది.

నాన్న వచ్చాడనుకున్నాను. చీర భుజాన వేసుకుని చూసుకునే అద్దం నాకెదురుగా ఉంది. అందులో నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. కుడిచేతిలో గజంబద్ద ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. చూస్తుండగానే ఆ చెయ్యి మళ్ళీ లేచింది. ఎడమచేత్తో పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

"ఇవేంటమ్మా, వెలిసిపోయాయి" అంది కూతురు.

తల్లి ఆ చీరల్ని అప్పుడే చూసినట్టు చూసింది. తర్వాత నన్ను.

"మీరు కొట్టారు బాబుగారూ" అంది మెల్లగా. "రెండేళ్ళ బట్టీ కొడుతున్నారు. మీకు తెలుసనే అనుకున్నానండి."

అప్పుడు కూడా నా నోరు ఊరుకోలేదు. "ఆ ఆకుపచ్చ పట్టు తియ్యక్కా. సగం ధరకిస్తా" అన్నాను. ఆమె కదల్లేదు. "పోనీ ఊరికే తీసుకెళ్ళండి." నేను ఇంత కిందికి దిగడం తెనాలి బజారు ఎరగదు.

"చీర సంగతి కాదండి. రెండు దెబ్బలంటే ఏంటో దానికి తెలీదు. ఇంట్లో నేనెప్పుడూ చెప్పలేదు. మీరే చెప్పండి."

చెప్పాను. రెండు ప్రశ్నలు, కింది అర, అదే ధర. ఫ్యాన్లు ఆగిన కొట్లో నా గొంతు పోను పోను నాన్న గొంతులా వినిపించసాగింది. వాళ్ళకేం తెలుస్తుంది అన్న మాట దగ్గర మరీను.

అమ్మాయి తల్లివైపు తిరిగింది. "నా క్రిస్మస్ గౌన్ల గుడ్డ ఇక్కడిదేగా. మడత దగ్గర గీత ఉండేది. నాకు ఇస్త్రీ రాదని తిట్టేదానివి."

తల్లి నాలుగు చీరలూ మడతపెట్టి పరుపు మీదే వదిలేసి, అన్నం క్యారేజీ తీసుకుని, కూతురి వెనకాలే మెట్లు దిగింది. నిశ్చితార్థం చీర బాపట్లలో కొన్నారట. నన్ను పిలవలేదు.

ఆమె మళ్ళీ పనికి రాలేదు. రేపల్లెలో వేరే కొట్లో చేరిందని తెలిసి, జీతం పెంచుతానంటూ వెళ్ళాను. అంతా విన్నది.

"మీ చెయ్యి ఆగిందాండి?"

ఆగిందని చెప్పడానికే అంత దూరం వెళ్ళాను. దారంతా ఆ మాటే అనుకుంటూ పోయాను.

"తెలియదక్కా" అన్నాను.

"అయితే తెలిశాక రండి" అని, అప్పుడే లోపలికి వచ్చిన ఇద్దరాడవాళ్ళకు చీరలు పరచడానికి లేచింది.