ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసరు కుర్చీ

షూటింగులకు బల్లలు, కుర్చీలు సప్లై చేసే వ్యాపారం నాది. రహమత్ నగర్‌లో గోదాము. పోయిన ఏడాది ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా కంపెనీ నా బిల్లులో ఇన్‌కమ్ టాక్స్ పట్టుకుని మిగతాది చేతిలో పెట్టింది. పట్టుకున్నది ప్రభుత్వానికి కట్టనే లేదు. కట్టినట్టు కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ చూపించు, లేదా నువ్వే కట్టు అని ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు నుంచి నాకు నోటీసు వచ్చింది.

ఈ రోజు పొద్దున ఆ కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్ళాను.

"సర్కారుకని పట్టుకున్న నా పైసలు ఏడ వోయినయ్ సార్?"

"ఎక్కడికి పోతాయండీ, పిక్చర్లోనే ఉన్నాయి. రిలీజవగానే కట్టేస్తాం," అంటూ టీ తెప్పించాడు.

టీ అయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు. వాళ్ళ కొత్త పిక్చర్లో హీరో నిజాయితీపరుడైన ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసరట. పన్ను ఎగ్గొట్టినవాళ్ళందరినీ క్లైమాక్స్‌లో జైలుకు పంపుతాడట. ఆ ఆఫీసు సెట్టుకి సామానంతా నేనే పంపాలట.

"రేటు పాతదేనండీ. టాక్స్ కూడా మామూలుగానే పట్టుకుంటాం."

కాదంటే పాత సర్టిఫికెట్ మీద ఆశ వదులుకోవాలి. అందుకని తల ఊపి వచ్చాను. హీరోగారి కుర్చీకి ఒక కాలు వదులు చేసి పంపమంటారా? మీరే చెప్పండి.