మాయమైన నల్ల గీత

మా డైరెక్టర్‌ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అమెరికాలోని బాతెల్ ఊళ్లో మా కంపెనీ చిన్నది, ఆయన గొప్పలు మాత్రం పెద్దవి. మేం ఎముక కేన్సర్ కణాల మీద పనిచేసేవాళ్లం. ఆ కణాల్లో కొన్ని ప్రోటీన్లు "పెరగాలి, ఇంకా పెరగాలి" అని ఒకదానికొకటి కబురు అందించుకుంటాయి. కబురు మోసే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ అంటుకుని ఉంటుంది. ఆ ఫాస్ఫేట్ ఉంటేనే మా పరీక్షలో నల్లటి గీత కనిపిస్తుంది. కొత్త మందు వేసిన కణాల్లో ఆ గీత మాయమైంది.

ఇంకేం, ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు. "చూశావా, మన డ్రగ్ సిగ్నల్‌ని కంప్లీట్‌గా కట్ చేసేసింది!" అంటూ ఆఫీసంతా తిరిగాడు. ఇంకోసారి చేసి చూద్దాం సర్ అంటే, "ఇన్వెస్టర్స్ వస్తున్నారు, టైమ్ లేదు" అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

శుక్రవారం మధ్యాహ్నం నోట్‌బుక్ తిరగేస్తుంటే నా బుద్ధితక్కువ పని బయటపడింది. కణాలను చిదిపేటప్పుడు ఫాస్ఫేట్ ఊడిపోకుండా కాపాడే ద్రావణాన్ని ఏ రోజుకారోజు కలుపుకోవాలి. మందు వెయ్యని కణాలకు సోమవారం తాజాగా కలిపాను. మందు వేసినవాటికి మంగళవారం, బల్ల మీద మిగిలిపోయిన ముందురోజుదే పోశాను. ఒట్టి బద్ధకం. గీతను చెరిపింది నేనే కావచ్చు, మందు కాదు.

వెళ్లి చెప్పాను. ఆయన తలుపు వేశాడు.

"నీ హెచ్‌వన్‌బి వీసా ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేసేది మనమేగా అమ్మా? కాస్త థింక్ చేసి మాట్లాడు."

నోరు మూసుకుని ఇంటికెళ్లాను. ఛీ, నా బతుకు! ఆయన మీద ఎంత అసహ్యం వేసిందో, నా మీద అంతకు రెట్టింపు వేసింది.

మర్నాడు ఆయనింట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. బిర్యానీ ప్లేటు పట్టుకుని ఆయన కేన్సర్‌ని జయించేస్తుంటే, వచ్చినవాళ్లలో ఒకావిడ నన్ను కిచెన్‌లోకి తీసుకెళ్లింది. ఆవిడ కూతురికి పదిహేనేళ్లు. మోకాలి పైన ఎముకలో కేన్సర్. కాలు తీసేయాలన్నారట.

"మందు వచ్చేస్తోందని సర్ చెప్పారమ్మా. ఆ టెస్ట్ చేసింది నువ్వేనటగా? మా పాపని ట్రయల్‌లో పెట్టిస్తారా?"

వీసా గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు సిగ్గేసింది.

"అక్కా, ట్రయల్ లేదు, ఏమీ లేదు. ఆ టెస్ట్‌లో నేనే తప్పు చేశాను. మీరు మాత్రం సర్జరీ ఆపకండి."

డైరెక్టర్ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "ఏంటమ్మా ఇది, గెస్ట్స్ ముందు?" అన్నాడు. పాపం, ఆయన పరువు!

ఆవిడ ఆయన వైపు చూడనే లేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వచ్చే బుధవారానికి సర్జరీ డేట్ ఇచ్చారు తల్లీ. సర్ మాట నమ్మి నిన్న సాయంత్రమే ఫోన్ చేసి క్యాన్సిల్ చేశాం."

నిన్న సాయంత్రానికి నాకు అంతా తెలుసు.